పదకొండు మంది, ఒకే మాట

హెప్సిబా పెట్టిన మూడో పోస్టు నలభై నిమిషాలు బతికింది. మొదటిది ఒక పూట, రెండోది రెండు గంటలు. ఈసారి ఇల్లందులో బస్సు ఎక్కేటప్పుడు పెట్టింది. కొత్తగూడెంలో దిగి ఫోను తీసేసరికి లేదు. ఉన్నచోట బూడిదరంగు పట్టీ ఒకటి, దాని మీద రెండు ముక్కలు: "ఈ పోస్టును మోడరేటర్ తొలగించారు. కారణం: నాలుగో నియమం, అమ్మకపు ప్రచారం."

గేటు తీస్తుంటే తండ్రి సంసోను ఆమె మొహం చూశాడు. ముప్పైరెండేళ్లు బొగ్గుబాయి లోపల పనిచేసి రిటైరైనవాడు. చీకట్లో మనుషుల మొహాలు చదివిన కళ్లు, వెలుతురులో ఇంకా సులువుగా చదువుతాయి.

"మళ్ల తీసిన్రా?"

"తీసిన్రు నాయనా."

"నీది పోస్టు గాదు బిడ్డా, లారీ టైరు కింద పెట్టిన నిమ్మకాయ. పెట్టుడే ఆలస్యం."

హెప్సిబా చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది. నాలుగోసారి ఎలా పెట్టాలా అని అప్పటికే ఆలోచిస్తోంది.

ఆ అలవాటు ఖమ్మంలో పట్టింది. డిగ్రీ అయ్యాక పదేళ్లు ఒక కోచింగ్ కాలేజీ ఫోన్ల గదిలో పనిచేసింది. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఫోను చేసి, మీవాణ్ని మా దగ్గరే చేర్చండి అని చెప్పడం పని. ఆ గదిలో 'వద్దు' అనే మాటకు అర్థం లేదు. వద్దన్నవాళ్ల పేరు పక్కన చిన్న చుక్క పెట్టి, మర్నాడు వేరే గొంతుతో మళ్లీ చేసేవారు. ఇక ఫోన్లు యంత్రమే చేస్తుందని కాలేజీవాళ్లు ఆ గది మూసేసినప్పుడు ఆమెకు ముప్పైయొకటి. ఇంటికొచ్చింది. మూడేళ్లు గడిచినా, 'వద్దు' పక్కన చుక్క పెట్టే చెయ్యి మాత్రం మారలేదు.

కుంకుడుకాయల సంగతి సంతలో మొదలైంది. తలకు పోసుకుందామని కొనబోయి, గంప ముందు కూర్చున్న జంపక్కతో మాట కలిపింది. అడవి అంచున ఊటలగుంపు అనే పల్లె ఆమెది. ఏటా మాఘం, ఫాల్గుణాల్లో ఆ పల్లెలో పదకొండు మంది ఆడవాళ్లు కలిసి కాయ ఏరుతారు. గింజతో సహా గంపలకెత్తి, సంతకొచ్చే మంగీలాల్ అనే షావుకారు చెప్పిన తూకానికి పోసి వస్తారు. "గింజ తీసి, బాగా ఎండబెట్టి, నేరుగా పట్నంల ఆడోళ్లకే అమ్ముదామక్కా" అంది హెప్సిబా. మొదటి ఏడు చర్చిలో తెలిసినవాళ్లకే కొంత అమ్మింది. ఆ ధైర్యంతో ఈ ఏడు పంటంతా ఉంచేయమంది. ఎనిమిది బస్తాలు. జంపక్క ఇంట్లో దూలానికి ఆనేదాకా పేర్చారు.

మంగీలాల్ గొడవేం పెట్టుకోలేదు. "ఉంచుకోన్రి. వానలు పడ్డంక మాత్రం నా కాడికి రాకున్రి" అని కాటా సర్దుకుని వెళ్లిపోయాడు.

అతని మాటలో అబద్ధం లేదు. ఎండిన కుంకుడు తొక్క తడిగాలిని పీలుస్తుంది. వారం ముసురు పడితే బస్తాలో బస్తా బంకలా అతుక్కుని, ఆ పైన బూజు పడుతుంది. హెప్సిబా మూడో పోస్టు పోయిననాటికి మే నెల రెండో వారం. చేతిలో ఉన్నవి నాలుగు వారాలు.

ఆమె ఆశంతా 'కురుల కబుర్లు' మీద ఉంది. జుట్టు గురించి తెలుగులో రాసుకునే చర్చావేదిక అది. ఎనభైవేల మంది. చుండ్రు, పేలు, పురుడయ్యాక ఊడే జుట్టు, అత్తగారు పెట్టించే ఆముదం, ఒకటని కాదు. అంతమంది ఆడవాళ్లు కుంకుడుకాయల గురించి మాట్లాడుకునే చోటు ఇంకోటి లేదు. హెప్సిబా చేరిన పదో నిమిషంలోనే ఫోన్ నంబరుతో, ధరతో పోస్టు పెట్టింది. అది పోయింది.

రెండోసారి తెలివి చూపింది. "మంచి కుంకుడుకాయలు ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పగలరా?" అని తనే అడిగింది. తండ్రి ఫోనులో ఇంకో ఖాతా తెరిచి, "ఊటలగుంపు వాళ్లవి వాడాను. నా జుట్టు పట్టులా ఉంది" అని తనే జవాబిచ్చింది. సంసోను కళ్లజోడు సర్దుకుని అది చదివి, అరచేత్తో తన బట్టతల నిమురుకున్నాడు.

"పట్టు లెక్కనే ఉంది గాని బిడ్డా, ఏడుందో జెర చూపియ్యి."

రెండు గంటల్లో ఆ ప్రశ్నా జవాబూ రెండూ పోయాయి. మూడోసారి నంబరును ఫొటోలో, బస్తా మీద రాసినట్టు దాచింది. అదీ దొరికింది. దాంతో పాటు హెచ్చరిక. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మోడరేటర్‌కి రాసింది: అడవిలో ఆడవాళ్ల కష్టం మీకు కనపడదా అని. పొద్దున్నే జవాబు వచ్చింది. "కనపడుతుంది. నియమం కూడా కనపడుతుంది. – పుష్పలత."

మర్నాడు హెప్సిబా ఊటలగుంపు వెళ్లింది. పోస్టులు పోయిన సంగతి చెప్పాలి కదా. జంపక్క వాకిట్లో ఆడవాళ్లు చుట్టూ కూర్చుని మిగిలిన కాయ ఒలుస్తున్నారు. కాయ మీద రాయి పడి, తొక్క చిట్లి, నల్లటి గింజ ఎగిరి పడే చప్పుడు వాకిలంతా సన్నగా కురుస్తోంది.

"అమ్ముడువాయెనా?" జంపక్క తల ఎత్తకుండానే అడిగింది.

"ఇంక లేదక్కా. ఆడ ఒకామె ఉంటది. పెద్దమనిషి లెక్క. మనం చెప్పేది నమ్మతలేదు."

రెండో పోస్టులో ప్రశ్న అడిగిందీ జవాబిచ్చిందీ తనేనని చెప్పలేదు. మోడరేటర్ నమ్మకపోవడానికి తను చేసిన పని కూడా ఒక కారణమని చెప్పలేదు. ఫోన్ల గదిలో అలాంటివి చెప్పే అలవాటు లేదు.

"నమ్మకుంటే మేమంత పోయి చెప్తం. ఏ ఊరామె?" అంది జంపక్క.

"ఊరు గాదక్కా. ఫోన్ల ఉంటది."

ఆడవాళ్లు తమలో తాము కోయలో ఏదో మాట్లాడుకున్నారు. హెప్సిబాకు ఆ భాష రాదు. నాలుగింటి ఆటో దొరకదేమోనని లేచి వచ్చేసింది.

మూడో రోజు ఆమె ఖాతా మూతపడింది. ఒక్క పోస్టు కాదు, మొత్తం మనిషే బయటికి. వేదిక పైభాగంలో అందరికీ కనపడేలా ప్రకటన ఒకటి అంటించారు: "ఊటలగుంపు కుంకుడుకాయల పేరుతో ఒకే చోటు నుంచి పదకొండు నకిలీ ఖాతాలు తెరిచారు. సభ్యులు జాగ్రత్తగా ఉండగలరు." దాని కింద రుజువుగా ఆ ఖాతాల నుంచి వచ్చిన పదకొండు పోస్టులు. అన్నీ ఒక్క పూటలో పెట్టినవే. అక్షరం తేడా లేదు.

"మేము ఊటలగుంపు ఆడోళ్లం. కాయ మేమే ఏరినం. మేమే ఎండబెట్టినం. హెప్సిబా చెప్పేది నిజం."

పదకొండుసార్లు హెప్సిబా చెప్పేది నిజం.

అంతకుముందు విడిగా రాసి కాయ కావాలన్నవాళ్లు ఏడుగురు. సాయంత్రానికి ఏడుగురూ వద్దన్నారు. ఒకామె మర్యాదగానే రాసింది: "మోసమని బోర్డు పెట్టారు కదండీ. ఏమనుకోకండి."

మర్నాడు మొదటి బస్సుకే ఊటలగుంపు బయల్దేరింది. దారి పొడవునా ఏమేం అనాలో వరుస పేర్చుకుంది. వాకిట్లోకి అడుగు పెట్టేసరికి జంపక్క నవ్వుతూ ఎదురొచ్చింది.

"చెప్పినం బిడ్డా. అందరం చెప్పినం. ఇగ నమ్ముతది."

"ఎవరు రాసిన్రు అవి?"

"నేనే అక్కా." పల్లెలో అంగన్‌వాడీ టీచరు శారద ముందుకొచ్చింది. "సిగ్నల్ గుట్ట మీద బండ కాడనే వస్తది గదా. అందర్ని తీసుకపోయిన. నువ్వు రాసే ఆ వేదికల ఒక్కొక్కరి పేరు మీద ఖాతా తెరిచిన. ఒక్కొక్కరు చెప్పిన్రు, నేను కొట్టిన. ఎండకు నా నెత్తి పగిలిపోయింది."

"ఒక్కొక్కరు చెప్తే అన్నీ ఒక్కతీరుగ ఎందుకున్నయ్?"

శారద ఆమెను వింతగా చూసింది. "సాక్ష్యం గదా అక్కా."

చెట్టు నీడన మంచం మీద కూర్చున్న దూలయ్య, ఆ పల్లె పెద్ద, చుట్ట పక్కన పెట్టాడు. "మా కాడ అట్లనే ఉంటది బిడ్డా. పంచాతిల నిజం చెప్పాల్నంటే మొదటోడు ఏ మాట చెప్పిండో కడమోడు గూడ అదే మాట చెప్పాలె. మాట మారితే సాక్ష్యం విరిగినట్టే. వీళ్లు మంచిగ చెప్పిన్రు. కన్నమ్మ ఒక్కతి నడుమ తడబడ్డదంట. మళ్ల మొదటికెంచి చెప్పిచ్చిన్రు."

"నాకు దమ్మొచ్చింది పెద్దయ్యా, గుట్టెక్కి. మాట మరువలే" అంది కన్నమ్మ వెనకనుంచి.

పేర్చుకొచ్చిన మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. ఎండలో గుట్టెక్కి, తన కోసం నిలబడి సాక్ష్యం చెప్పి వచ్చారు. ఆ సాక్ష్యమే ఆ పదకొండు మందినీ లేనివాళ్లను చేసింది. హెప్సిబా నేల మీద కూర్చుంది.

"ఆమె మిమ్మల్ని నమ్మలే అక్కా. మీరసలు లేరనుకుంటుంది. అందరూ నేనే అనుకుంటుంది."

"మేం లేమా?" జంపక్క తన చేతులు తను చూసుకుంది. "గట్లెందుకనుకుంటది?"

అప్పుడు చెప్పింది హెప్సిబా. తండ్రి ఫోనులో చేసిన పని, బస్తా మీద దాచిన నంబరు, అన్నీ. చెబుతున్నంతసేపూ రాళ్ల చప్పుడు ఆగింది. అయిపోయాక జంపక్క ఒళ్లోని తొక్కలు గంపలోకి దులిపింది.

"మొన్న గిది చెప్తే మేము గుట్టెక్కకపోదుము" అంది. "మాతోని అబద్ధానికి సాక్ష్యం చెప్పిచ్చినవు గద బిడ్డా."

ఆ మాట తిట్టులా అనలేదు. అందుకే దాన్ని మోసుకుంటూ ఇంటికి రావడం కష్టమైంది.

సంసోను అంతా విన్నాడు. పళ్లెంలో మిగిలిన పచ్చడి వేలితో తుడిచి తింటూ అడిగాడు.

"ఆ వేదికల నియమాలు ఎన్నున్నయ్?"

"ఏమో."

"చదవలే?"

"లేదు."

"షిఫ్టుకు బాయిలకు దిగినంక మేము చేసే మొదటి పని ఏందో ఎరుకేనా? కర్రతోని నెత్తిమీది కప్పును కొట్టి ఇనుడు. గట్టిగ మోగితే లోపలికి పోతం. డొల్లగ మోగితే ఆగుతం. కొట్టకుంట పోయినోడు ధైర్యవంతుడని ఎవ్వరు అనలే."

హెప్సిబా నాలుగు రోజులు ఏమీ రాయలేదు. రాయడానికి ఖాతా కూడా లేదు. బయటినుంచి చదవడానికి మాత్రం ఎవరికీ అడ్డు లేదు. నియమాలు పన్నెండు. ఏడోది చదివి ఫోను బోర్లా పెట్టేసింది. ముప్పై ప్రశ్నలకు జవాబు రాసిన సభ్యులు, ప్రతి ఆదివారం తెరిచే ఒక పేజీలో తమ సరుకు గురించి చెప్పుకోవచ్చు. వారానికి ఒకసారి సంత. అంతకుముందు కూర్చుని నలుగురితో మాట్లాడి ఉండాలి. ఏ ఊళ్లోనైనా అంతే కదా. నడిరోడ్డు మీద గంప దించితే ఎవరైనా లేపుతారు.

పాత ప్రశ్నలు చదువుతూ పోయింది. కుంకుడు కళ్లలో పడితే మంట తగ్గేదెలా? నానబెడితే పాడవుతుందెందుకు? నురగ రాని కాయ ముదరనిదా, పాతదా? జవాబుల్లో సగం ఊహలు. ఇవన్నీ జంపక్కకు నిద్రలో అడిగినా తెలుసు.

ఐదో రోజు పుష్పలతకు మెయిల్ రాసింది. మొదటి చిత్తుప్రతి నిండా తన కష్టం ఉంది, దాన్ని పక్కన పెట్టింది. రెండోది చిన్నది. "రెండో పోస్టులో ప్రశ్న, జవాబు నావే. మూడో దాంట్లో నంబరు దాచింది నేనే. నా నిషేధం తీయమని అడగను. ఆ పదకొండు ఖాతాలు మాత్రం నకిలీవి కావు. ఆ పల్లెలో సాక్ష్యమంటే అందరూ ఒకే మాట చెప్పడం. నేను చెప్పిన సగం నిజాన్ని నమ్మి వాళ్లు అలా రాశారు. ప్రకటనలో నా పేరు ఉంచండి. వాళ్ల ఊరి పేరు తీసేయండి."

రెండు రోజులకు జవాబు వచ్చింది. "నేను బడిలో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి ఈ పని చేస్తాను. జీతం లేదు. రోజుకు నలభై ప్రకటనలు తీసేస్తాను. వాటిలో కొన్ని నిజమైనవే అయి ఉంటాయి. ఏవో నాకెలా తెలియాలి? మీరు చెప్పిన ఆచారం నేనెప్పుడూ వినలేదు. ఆ పదకొండు మంది ఉంటే, ఎవరికి వారు వేరుగా రాయమనండి. ఏం చేస్తారో, ఏం తెలుసో. ఖాతాలు వారం రోజులు తెరిచి ఉంచుతాను."

ఈ సంగతి పల్లెలో చెబితే ఎవరికీ నచ్చలేదు. మాట మార్చమంటే అబద్ధం చెప్పమన్నట్టే ఉంది వాళ్లకు. ఆడవాళ్లంతా దూలయ్య వైపు చూశారు.

"ఒప్పుకునేది లేదు" అన్నాడు దూలయ్య. "నిజం రెండు తీర్లు ఉండదు."

జంపక్క ఆలోచించి ఆలోచించి అంది. "పెద్దయ్యా, పంచాతిల మనం మనుషులం కనపడతం. నువ్వు మా మొహాలు సూస్తవు. గందుకే మాట ఒక్కటైనా పదిమందిమని నీకెరుక. ఆమెకు మొహాలు కనపడవు. మాట ఒక్కటైతే మనిషి ఒక్కతే అనుకుంటది."

దూలయ్య ఆరిన చుట్టను చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"మొహం కనపడని కాడ మాటనే మొహమన్నట్టు" అన్నాడు. "సరే తియ్. ఎవరి మొహం వాళ్లు సూపియ్యున్రి. ఉన్నదే చెప్పున్రి."

మళ్లీ గుట్టెక్కారు. ఈసారి పొద్దున్నే, ఎండ ముదరకముందు. హెప్సిబా కూడా వెళ్లింది కానీ బండకు దూరంగా కూర్చుంది. ఏం చెప్పాలో తను చెప్పనని జంపక్కకు మాటిచ్చింది. కింద అడవి మీద పొయ్యిల పొగ పలచగా పరుచుకుని ఉంది. ఒక్కొక్క మనిషీ లేచి వెళ్లి శారద పక్కన నిలబడి చెప్పి వస్తుంటే, ఫోన్ల గదిలో తను వినకుండా వదిలేసిన వేల గొంతులు గుర్తొచ్చాయి.

జంపక్క కళ్ల మంట గురించి చెప్పింది: నురగ పడితే చన్నీళ్లు కొట్టొద్దు, తడిబట్ట ఆనించి ఉంచాలి, కాసేపు ఏడవాలి, అదే పోతది. ఇంకొకామె తను చెట్టెక్కనని, నడుం నొప్పివల్ల కింద రాలినవే ఏరుతానని చెప్పింది. మరొకామె, కాయ ఒలిచిన దినం అన్నం చేదుగుంటదని, చెంచాతో తినమని శారద అంటదని, చెంచాతో తింటే అన్నం తిన్నట్టే ఉండదని చెప్పింది. కన్నమ్మ వంతు వచ్చింది.

"నేను ఏరుత, ఒలుస్త. నేనైతే నెత్తికి షాంపూ పాకెట్టే పెడత. కుంకుడు దంచి, నానబెట్టి, పిసికే ఓపిక నాకెక్కడిది. ఓపికున్నోళ్లు పెట్టుకోన్రి. మంచిదే."

హెప్సిబా లేచి నిలబడింది. "శారదా, అది పెట్టకు."

"పెట్టినక్కా."

"తీసెయ్యి మరి. అమ్మేటోళ్లే మేం వాడం అంటే ఎవరు కొంటరు?"

"నువ్వు ఏం చెప్పనన్నవు గద" అంది జంపక్క. "ఆమె చేసేదే చెప్పింది."

శారద బొటనవేలు ఫోను మీద ఆగి ఉంది. హెప్సిబా రెండడుగులు వేసింది, మళ్లీ వెనక్కి వెళ్లి తన రాయి మీద కూర్చుంది.

ఆ పదకొండింటిలో ఎక్కువమంది చదివింది కన్నమ్మదే. రెండు వందలకు పైగా జవాబులు వచ్చాయి. నవ్విన వాళ్లు, నాదీ అదే కథ అన్నవాళ్లు, కుంకుడు దంచలేక పొడి కొంటున్నామన్నవాళ్లు. ఒకామె రాసింది: "ఇది కల్పించి రాసేది కాదు. ఈవిడ ఎక్కడో ఉంది." మర్నాడు పైన అంటించిన ప్రకటన పోయింది. దాని చోట పుష్పలత నాలుగు ముక్కలు పెట్టింది: "ఊటలగుంపు సభ్యుల ఖాతాలు నిజమైనవే. పొరపాటుగా నకిలీ అన్నందుకు క్షమించమని అడుగుతున్నాను. హెప్సిబా గారి నిషేధం ఆరు నెలలు. అది అలాగే ఉంటుంది."

ఆ తర్వాత శారదకు పనెక్కువైంది. పొద్దున్నే ప్రశ్నలు చదివి వినిపించేది, ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పేవాళ్లు. జంపక్కవి వారం రోజుల్లో ముప్పై జవాబులు అయ్యాయి. మే నెల చివరి ఆదివారం ఆమె పేరు మీద మొదటి అమ్మకపు పోస్టు వెళ్లింది. అందులో బొమ్మ లేదు, పొగడ్త లేదు. "కాయ ఉంది. గింజ తీసినం. ఎనిమిది బస్తాలు. వానలు రాకముందే తీసుకోవాలె, వచ్చినంక మేమే ఇయ్యం." హెప్సిబా బయటినుంచి దాన్ని చదివింది. ఆమె రాస్తే ఆ చివరి వాక్యం ఉండేది కాదు. ఆ వాక్యం చదివే చాలామంది తొందరపడ్డారని తర్వాత తెలిసింది.

రెండు ఆదివారాల్లో ఆరు బస్తాలు ఖాళీ అయ్యాయి. కిలో, రెండు కిలోల పొట్లాలు కట్టి, అడ్రసులు రాసి, ఆటోలో కొత్తగూడెం తెచ్చి బస్టాండు పార్సిలు కౌంటరులో వేయడం హెప్సిబా పని. మూడో ఆదివారం రాకముందే ముసురు పట్టింది. మిగిలిన రెండింటిలో ఒక బస్తా అప్పటికే అడుగున బంక కట్టింది. దాన్ని ఆడవాళ్లు పంచుకున్నారు. కన్నమ్మ తన వాటా పక్కింటికి ఇచ్చేసింది. చివరి బస్తాను జంపక్క పొయ్యి పైన అటక మీదికి ఎక్కించి, పొగ తగిలేలా ఉంచింది.

వాన కొంచెం తెరిపిచ్చిన రోజు హెప్సిబా వెళ్లేసరికి, ఆడవాళ్లు వాకిట్లో వచ్చే ఏటి మాట మాట్లాడుకుంటున్నారు. జంపక్క పీట జరిపి చోటిచ్చింది.

"వచ్చే ఏడు గూడ ఉంచుతం. మంగీలాల్‌కు పొయ్యం" అంది. "రాసుడు మేం రాసుకుంటం. నువ్వు సంచులు, తాళ్లు జూడు. అడ్రసులు నీ రాత మంచిగుంటది."

"సరే అక్కా" అంది హెప్సిబా.

సంచీలోంచి నోటుబుక్కు తీసి, వానలకు ముందే అడిగినవాళ్లకు అటక మీది బస్తాలోంచి ఆ రోజు పంపాల్సిన తొమ్మిది అడ్రసులు వరుసగా రాయడం మొదలుపెట్టింది.